నేల కింది లీజు ఎప్పుడు తీరుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. రెండు అమెరికాలోని భూముల గురించి, మిగతావి మన పాత నల్గొండ, పాలమూరు జిల్లాల నేల గురించి అడిగినవి. అందరి సందేహమూ గడువు గురించే కాబట్టి వాటిని ఒక్కచోటే ఇస్తున్నాను. మొదటి జవాబు కొంత పెద్దదైంది. అందులోని చిక్కు అంతటిది.

ప్రశ్న: మా చిన్నబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఐదేళ్ల కింద అక్కడ 40 ఎకరాల జాగ కొన్నాడు. భూమితో పాటు కింద ఉన్న ఖనిజాల హక్కు కూడా రాసిచ్చారట. మరుసటి ఏడాది ఒక చమురు కంపెనీ మనిషి వచ్చి ఎకరానికి ఇంతని డబ్బు చెల్లించి మూడేళ్ల లీజుకు సంతకం చేయించుకున్నాడు. ఇప్పటివరకు మా భూమిలో ఒక్క బోరు కూడా వేయలేదు. మూడేళ్లు నిరుడే దాటిపోయాయి. వేరే కంపెనీ వచ్చి లీజు అడిగితే, పాత కంపెనీ వాళ్లు ‘మా లీజు ఇంకా నడుస్తోంది’ అంటూ ఒక కాగితం పంపి సంతకం చేయమంటున్నారు. మన దగ్గర కౌలు ఉగాదికి తీరితే తీరినట్టే కదా. పని మొదలుపెట్టని లీజు దానంతట అదే ఎట్లా పొడిగిపోతుంది? సంతకం చేయవచ్చా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: మాస్టారూ, మీరు దాన్ని కౌలుతో పోల్చి చూడటం సహజమే గానీ చిక్కు అక్కడే మొదలైంది. మన కౌలులో భూమి హక్కు యజమాని దగ్గరే ఉంటుంది, కౌలుదారుకు సాగు చేసుకొనే అనుమతి మాత్రం కొంతకాలం ఉంటుంది. టెక్సాస్ న్యాయస్థానాలు చమురు లీజును అలా చూడవు. దాన్ని ఖనిజాల యాజమాన్యాన్నే ఒక షరతుతో కంపెనీకి బదలాయించిన దస్తావేజుగా పరిగణిస్తాయి. షరతు నిలిచి ఉన్నంతకాలం హక్కు కంపెనీది. షరతు తప్పిన రోజున ఏ నోటీసూ, ఏ కోర్టు తీర్పూ లేకుండానే హక్కు తిరిగి యజమానికి వచ్చేస్తుంది. కాబట్టి మీరు వెతకవలసింది తేదీని కాదు, షరతును.

ఆ షరతు లీజు మొదటి పేజీలోనే, సాధారణంగా రెండో పేరాలో ఉంటుంది. దాని సారాంశం ఇలా ఉంటుంది: ఈ తేదీ నుంచి మూడేళ్ల వరకు, ఆ తర్వాత ఈ భూమి నుంచి గానీ దీనితో కలిపిన భూమి నుంచి గానీ చమురు లేదా గ్యాసు ఉత్పత్తి అవుతున్నంతకాలం ఈ లీజు అమలులో ఉంటుంది. సంతకం చేసేటప్పుడు అందరి కళ్లూ ‘మూడేళ్లు’ అన్న మాట మీదే ఆగిపోతాయి. అసలు బరువంతా ‘ఆ తర్వాత’ అన్న మాట మీద ఉంది. మూడేళ్ల భాగాన్ని వాళ్లు ప్రైమరీ టర్మ్ అంటారు. అది కంపెనీ పని మొదలుపెట్టడానికి ఇచ్చిన వ్యవధి మాత్రమే. ఆ లోపల ఉత్పత్తి మొదలైతే లీజు సెకండరీ టర్మ్‌లోకి వెళుతుంది, దానికి చివరి తేదీ అంటూ ఉండదు. ఒకే లీజు అరవై, డెబ్బై ఏళ్లు బతికిన సందర్భాలు అక్కడ ఉన్నాయి. తాత సంతకం చేసిన లీజు కింద మనవడు రాయల్టీ, అంటే అమ్మకంలో యజమాని వాటా, అందుకోవడం వింత కాదు.

ఇక ‘మా భూమిలో బోరే వేయలేదు’ అన్న మీ మాటకు వద్దాం. అదే వాక్యంలో ‘దీనితో కలిపిన భూమి’ అన్న మాట కూడా ఉంటుందన్నాను కదా. దాన్ని పూలింగ్ అంటారు. మనకు బోరు అంటే నిట్టనిలువుగా దిగే రంధ్రం. నీళ్లు పడకపోతే లారీని పక్కకు జరిపి ఇంకొకటి వేయిస్తాం. అక్కడి చమురు బావి కొన్ని వేల అడుగులు కిందికి దిగి, అక్కడ మలుపు తిరిగి, మైలు నుంచి రెండు మైళ్ల దాకా అడ్డంగా సాగుతుంది. అందువల్ల కంపెనీలు చాలామంది యజమానుల భూములను కలిపి ఒక యూనిట్‌గా ప్రకటించి, ఆ ప్రకటనను కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్కు కార్యాలయంలో నమోదు చేస్తాయి. మీ అబ్బాయి 40 ఎకరాలు 640 ఎకరాల యూనిట్‌లో కలిసి ఉంటే, మైలు అవతల ఇంకొకరి పొలంలో ఉన్న బావి నుంచి వచ్చే చమురు కూడా మీ లీజును బతికిస్తుంది. మీ పొలం వైపు ఒక్క బండి రాకపోయినా సరే. పాత కంపెనీ వాళ్లు లీజు నడుస్తోందని అనడానికి బహుశా ఇదే ఆధారం.

అయితే వాళ్ల మాట నిజమైతే దాని వెంట డబ్బు కూడా రావాలి. యూనిట్‌లో ఎవరి వాటా ఎంతో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. లీజులో రాయల్టీ అయిదో వంతు అని రాసి ఉందనుకుందాం. నలభైని ఆరువందల నలభైతో భాగించి, దాన్ని అయిదో వంతుతో గుణిస్తే 0.0125 వస్తుంది. అంటే ఆ బావి నుంచి వంద డాలర్ల చమురు అమ్ముడుపోతే మీ అబ్బాయికి డాలరు పావు. టెక్సాస్ చట్టం ప్రకారం, లీజులో వేరేగా రాసుకోకపోతే, మొదటి అమ్మకం జరిగిన నెల ముగిసిన తర్వాత 120 రోజుల లోపల మొదటి చెల్లింపు జరగాలి. లీజును ఉత్పత్తే నిలబెడుతోందని చెబుతూ, ఏడాదిగా ఒక్క చెక్కు కూడా పంపని కంపెనీని రెండు ప్రశ్నలు సూటిగా అడగాలి: యూనిట్ ప్రకటన నమోదు సంఖ్య ఏమిటి? ఏ బావి పేరుతో ఉత్పత్తి చూపిస్తున్నారు?

ఆ బావి సంగతి మీరు ఇంట్లో కూర్చొనే సరిచూసుకోవచ్చు. టెక్సాస్‌లో చమురు, గ్యాసు వ్యవహారాలను చూసేది రైల్‌రోడ్ కమిషన్. 1891లో రైళ్ల నియంత్రణ కోసం పెట్టిన సంస్థ అది. 2005లో రైళ్ల పనులన్నీ వేరే శాఖకు పోయినా పేరు మాత్రం మారలేదు. పేరు చూసి తప్పు చిరునామాకు వచ్చామని వెనుదిరిగినవాళ్లు ఎందరో. ప్రతి లీజు నుంచి నెలనెలా ఎంత ఉత్పత్తి వచ్చిందో ఆ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీ అబ్బాయి ఆ పట్టికను ప్రైమరీ టర్మ్ ముగిసిన నెల నుంచి ఈ నెల దాకా వరుసగా రాసుకోవాలి. మధ్యలో వరుసగా సున్నాలు కనిపిస్తే అవి ఎన్ని నెలలో లెక్కపెట్టాలి. ఉత్పత్తి ఆగిపోతే 60 లేదా 90 రోజుల్లో కొత్త బావి తవ్వడమో, పాత బావికి మరమ్మతు చేయడమో మొదలుపెట్టాలనే నిబంధన చాలా లీజుల్లో ఉంటుంది. ఆ గడువు దాటినా ఏ పనీ జరగకపోతే లీజు దానంతట అదే పోతుంది. అలాంటి నిబంధనే లేని లీజులో, యంత్రం చెడిపోవడం వంటి తాత్కాలిక ఆటంకాలకు కోర్టులు సమంజసమైన వ్యవధి ఇస్తాయి.

సున్నాలు లేకపోయినా ఇంకొక ప్రశ్న మిగులుతుంది. రోజుకు ఒకటి రెండు పీపాల చమురు వస్తే దాన్ని ఉత్పత్తి అనవచ్చా? టెక్సాస్ సుప్రీంకోర్టు 1959లో క్లిఫ్టన్, కూంట్జ్ కేసులో దీనికి ఒక కొలబద్ద ఇచ్చింది. ఒక సమంజసమైన కాలవ్యవధిలో ఆ బావి రోజువారీ నిర్వహణ ఖర్చులు పోను లాభం మిగిల్చిందా? మిగల్చకపోతే, వివేకవంతుడైన నిర్వాహకుడు ఎవరైనా లాభం కోసమే దాన్ని నడుపుతూ ఉండేవాడా, లేక లీజును పట్టి ఉంచుకోవడానికి మాత్రమే నడుపుతున్నాడా? మొదట బావి తవ్వడానికి పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. ఒక్క నెల నష్టం చూపి లీజు పోయిందనడానికీ వీల్లేదు. కాబట్టి ఈ వాదన గెలవాలంటే యజమానికి ఓపికా, లెక్కలూ రెండూ కావాలి.

ఉత్పత్తి ఇంకా మొదలుకాకుండా లీజు నిలిచే దారులూ ఉన్నాయి. ప్రైమరీ టర్మ్ చివరి రోజు నాటికి తవ్వకం పని మొదలై ఉంటే చాలునని చాలా లీజులు చెబుతాయి. అక్కడి కోర్టులు పని మొదలవడం అన్న మాటకు ఉదారంగానే అర్థం చెప్పాయి. రిగ్గు ఇంకా రాకపోయినా, నిజంగా తవ్వే ఉద్దేశంతో దారి వేసి, స్థలం చదును చేసి, సామాను దింపుతూ ఉంటే అది పని మొదలైనట్టేనని తీర్పులు ఉన్నాయి. గడువు చివరి వారంలో పొలంలోకి బుల్డోజర్ వస్తే దాని ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకోవడం అందుకే అవసరం. మరికొన్ని లీజుల్లో, గడువు తీరకముందే ఎకరానికి ఇంతని మళ్లీ చెల్లించి ఇంకో రెండేళ్లు పొడిగించుకొనే ఐచ్ఛిక హక్కును కంపెనీ ముందుగానే రాయించుకుంటుంది. అలాంటి నిబంధన ఉంటే యజమాని సంతకం మళ్లీ అవసరం లేదు. కానీ ఆ డబ్బు గడువు లోపలే చేరాలి. ఒక్క రోజు ఆలస్యమైనా హక్కు పోతుంది.

లీజు మొత్తం కట్టలో పగ్ క్లాజు అనేది ఉందేమో కూడా చూడమనండి. లూసియానాలోని క్రౌలీ పట్టణానికి చెందిన లారెన్స్ పగ్ అనే న్యాయవాది 1947లో దీన్ని రాశాడు, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. అది లేకపోతే, నలభై ఎకరాల్లో రెండెకరాలు యూనిట్‌లో కలిసినా మిగతా ముప్పై ఎనిమిది కూడా లీజు కింద చిక్కుకొనే ఉంటాయి. అది ఉంటే కలిసిన రెండెకరాలకే లీజు నిలిచి, మిగతాది గడువు తీరగానే విడుదలవుతుంది. అప్పుడు కొత్త కంపెనీకి ఆ మిగతా భూమిని నిక్షేపంగా ఇచ్చుకోవచ్చు.

ఇప్పుడు ఆ కాగితం. దాని పైన ఏ శీర్షిక ఉందో మీరు రాయలేదు, మొత్తం అదే తేలుస్తుంది. డివిజన్ ఆర్డర్ అని ఉంటే అది చెల్లింపు కోసం వాటాను ధ్రువీకరించే పత్రం. అందులోని దశాంశం నేను పైన చూపిన లెక్కకు సరిపోతే, లీజు నిజంగా నడుస్తోందని తేలిన తర్వాత సంతకం చేయవచ్చు. అది చేయనంతవరకు కంపెనీ డబ్బు ఆపి ఉంచడానికి అక్కడి చట్టం అనుమతిస్తుంది. చెక్కులు రాకపోవడానికి కారణం అదే కావచ్చు కూడా. అలా కాక రాటిఫికేషన్ (ధ్రువీకరణ) అనో, అమెండ్‌మెంట్ (సవరణ) అనో, ఎక్స్‌టెన్షన్ (పొడిగింపు) అనో ఉంటే మాత్రం చెయ్యి ఆపాలి. చచ్చిపోయిన లీజును సజీవమని ఒప్పుకుంటూ యజమాని రాసిచ్చిన పత్రం దానికి తిరిగి ప్రాణం పోయగలదు. లీజు నిజంగా నడుస్తుంటే మీ అబ్బాయి ధ్రువీకరణ వాళ్లకు అంత అవసరం ఉండదు. ఆదరాబాదరాగా సంతకం అడుగుతున్నారంటే వాళ్ల ఫైలులోనే ఎక్కడో సందు ఉందని నా అనుమానం. ఆ సందు ఎంత విలువ చేస్తుందో తేలకముందే ఉచితంగా పూడ్చి పెట్టనవసరం లేదు. పొడిగింపు అడిగితే దానికి కొత్తగా బోనస్ (సంతకానికి ఎకరాకు ఇంతని ఇచ్చే డబ్బు) అడగవచ్చు, రాయల్టీ పెంచమనవచ్చు, పగ్ క్లాజు లేకపోతే పెట్టించుకోవచ్చు.

కొత్త కంపెనీకి కూడా తొందరపడి మాట ఇవ్వవద్దు. పాత లీజు తీరితేనే అమలులోకి వచ్చే టాప్ లీజు అన్న పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ఇవ్వవచ్చు గానీ, పాత లీజు లేదని హామీ రాసిస్తే ఆ తర్వాతి తగాదా మీ అబ్బాయి నెత్తిన పడుతుంది. చివరగా, ఖనిజాల హక్కు రాసిచ్చారట అన్నారు. ఆ ‘అట’ను ముందు తీర్చుకోండి. పై భూమిని అమ్మి ఖనిజాల్లో సగమో, మొత్తమో తమకే ఉంచుకోవడం అక్కడ తరతరాలుగా ఉన్న అలవాటు. సగమే వచ్చి ఉంటే మీ అబ్బాయి లెక్క 0.0125 కాదు, 0.00625. ఈ కాగితాలన్నీ పట్టుకొని ఆ రాష్ట్రంలో చమురు, గ్యాసు కేసులు చూసే న్యాయవాదిని ఒక గంట సేపు కలిస్తే పోయేది కొద్దిపాటి ఫీజే.

ప్రశ్న: మా అక్కా బావలకు ఓక్లహోమాలో కొన్ని ఎకరాల గ్యాసు హక్కు ఉంది. బావి తవ్వారు కానీ దాన్ని మూసి పెట్టారు. ఏడాదికోసారి ఎకరానికి ఒక డాలరు లెక్కన చెక్కు వస్తుంది. ఇంత చిన్న మొత్తం ఎందుకని మా అక్క మొన్నటి చెక్కును బ్యాంకులో వేయకుండా పక్కన పెట్టింది. దాంతో లీజు రద్దవుతుందా?
— గృహిణి, నాగర్‌కర్నూల్

జవాబు: రద్దు కాదమ్మా. దాన్ని షట్ ఇన్ రాయల్టీ అంటారు. బావిలో గ్యాసు ఉన్నా, తీసుకుపోయే పైపులైను లేకనో, ధర లేకనో మూసి ఉంచినప్పుడు ఉత్పత్తికి బదులుగా ఈ నామమాత్రపు సొమ్ము చెల్లించి లీజును నిలుపుకొనే నిబంధన అది. కంపెనీ చెక్కు సకాలంలో పంపితే దాని బాధ్యత తీరుతుంది. మీ అక్కగారు దాన్ని బీరువాలో పెట్టినా, దేవుడి పటం వెనక పెట్టినా తేడా ఉండదు.

కంపెనీయే చెల్లించకపోతే ఏమవుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో ఉత్పత్తి అంటే బయటికి తీసి అమ్మడం. అందువల్ల అక్కడ మూసిన బావిని ఈ చెల్లింపే కాపాడుతుంది, అది తప్పితే లీజు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఓక్లహోమాలో మాత్రం లాభదాయకంగా ఉత్పత్తి చేయగల స్థితిలో బావి ఉంటే చాలునని కోర్టులు చెప్పాయి. కాబట్టి చెక్కు ఆలస్యమైనంత మాత్రాన లీజు పోయిందని సంబరపడటానికి లేదు. బావి ఎన్నేళ్లుగా మూసి ఉంది, మూసి ఉంచడానికి లీజులో పరిమితి ఏమైనా ఉందా అన్నది చూడమనండి. రెండు మూడేళ్ల పరిమితి పెట్టిన లీజులు ఉన్నాయి.

ప్రశ్న: అమెరికాలో నేల కింది చమురు రైతుదైతే మన దగ్గర ఎందుకు కాదు? నల్గొండలో చమురు పడితే మాకు ఏమీ రాదా?
— డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: ముందు నిరాశ కలిగించే మాట చెప్పాలి. నల్గొండ, పాలమూరు నేలలో ఎక్కువ భాగం అతి ప్రాచీనమైన గట్టి రాయి. చమురు, గ్యాసు ఒండ్రు పొరలు పేరుకొని రాయిగా మారిన కృష్ణా గోదావరి బేసిన్ వంటి చోట్ల దొరుకుతాయి. మన దగ్గర బోరు లారీ ఎంత లోతుకు దింపినా నీళ్లే పడటం లేదు, చమురు సంగతి చెప్పనక్కరలేదు.

హక్కు విషయానికొస్తే, మన దేశంలో నేల కింద ఉన్నదంతా ప్రభుత్వానిదేనన్న మాట అందరూ అంటారు గానీ అది పూర్తిగా నిజం కాదు. కేరళలోని మలబారు జన్మం (వంశపారంపర్యంగా పూర్తి యాజమాన్యం ఉన్న) భూములకు సంబంధించిన త్రేసియమ్మ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో, భూగర్భ ఖనిజాలన్నీ ప్రభుత్వానివేనని ప్రకటించే చట్టమేదీ లేదని, చట్టబద్ధంగా తీసివేస్తే తప్ప ఆ హక్కు భూమి యజమానిదేనని చెప్పింది. అయితే అంతమాత్రాన ఎవరి భూమిలో వాళ్లు తవ్వుకోవడానికి వీల్లేదు. తవ్వే అనుమతిని నియంత్రించే అధికారం ప్రభుత్వానిదే. చమురు, గ్యాసుకు 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం ఉంది. దాని కింద చేసిన 1959 నిబంధనల ప్రకారం అన్వేషణ లైసెన్సు నాలుగేళ్లకు ఇచ్చి, ఏడాది చొప్పున రెండుసార్లు పొడిగించేవారు. ఉత్పత్తి లీజు సాధారణంగా 20 ఏళ్లకు ఇచ్చేవారు. ఇక్కడ పొడిగింపు కోరుతూ కంపెనీ వెళ్లేది ప్రభుత్వం దగ్గరికి. టెక్సాస్‌లో లాగా రైతు గుమ్మంలోకి కాదు. కోనసీమ రైతుకు పై భూమిని వాడుకున్నందుకు పరిహారం, కౌలు వస్తాయి తప్ప బావిలోంచి వచ్చే గ్యాసులో వాటా రాదు.

ప్రశ్న: మా నాన్న పేరున ఉన్న ఆరెకరాలను ఒక సిమెంటు కంపెనీ సున్నపురాయి తవ్వుకోవడానికి 2004లో 20 ఏళ్లకు అగ్రిమెంటు రాయించుకుంది. 2024తో అది తీరింది. ఖాళీ చేయమంటే, ప్రభుత్వం మా లీజును 2030 దాకా పొడిగించింది, మీతో పనిలేదు అంటున్నారు. ఏడాది కౌలు చెక్కు మాత్రం పంపారు, మేము తీసుకున్నాం. కంపెనీ ప్రభుత్వ లీజు 1984 నాటిదని విన్నాం.
— రైతు, హుజూర్‌నగర్

జవాబు: ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు కాగితాలు, వాటిని ఒకటిగా కలిపి చెబుతున్నారు. సున్నపురాయి తవ్వుకొనే హక్కు కంపెనీకి ప్రభుత్వం ఇచ్చిన మైనింగు లీజు ద్వారా వచ్చింది. మీ ఆరెకరాల మీద కూర్చొనే హక్కు మీ నాన్నగారు రాసిచ్చిన అగ్రిమెంటు ద్వారా వచ్చింది. మొదటిది పెరిగినంత మాత్రాన రెండోది పెరగదు.

మొదటిదాని సంగతి నిజానికి వాళ్లు చెప్పిన దానికంటే వాళ్లకే అనుకూలంగా ఉంది. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టాన్ని 2015 జనవరి 12 నుంచి సవరించి 8ఏ అనే సెక్షన్ చేర్చారు. దాంతో రెన్యువల్ పద్ధతి పోయి, లీజులన్నీ 50 ఏళ్లకయ్యాయి. అవి తీరితే వేలమే. పాత లీజుల్లో సొంత ఫ్యాక్టరీ కోసం తవ్వేవాటికి 2030 మార్చి 31, రెన్యువల్ ముగిసే తేదీ, మొదట మంజూరైన నాటి నుంచి 50 ఏళ్లు, ఈ మూడింటిలో ఏది ఆలస్యమైతే అంతవరకు గడువు ఇచ్చారు. బయటి మార్కెట్‌కు అమ్మేవాటికి ఇదే సూత్రంలో 2030 స్థానంలో 2020 మార్చి 31 పెట్టారు. మీరు విన్న 1984 నిజమైతే కంపెనీకి లీజు 2034 దాకా ఉంటుంది, షరతులన్నీ పాటిస్తేనే అనుకోండి. తవ్వకం, రవాణా రెండేళ్లు వరుసగా ఆగిపోతే లీజు రద్దవుతుందని అదే చట్టంలోని 4ఏ సెక్షన్ చెబుతుంది. రద్దు కాకముందే దరఖాస్తు చేసుకుంటే ఒక్కసారికి మాత్రం ఏడాది వరకు మన్నింపు ఉంటుంది. టెక్సాస్ మాస్టారి ఉత్తరం చదివినవారికి ఈ షరతు కొత్తగా అనిపించదు.

మీకు ముఖ్యమైనది రెండో కాగితం. అక్కడ మీరు తెలియక చేసిన పని ఒకటి ఉంది. గడువు తీరిన తర్వాత కౌలు చెక్కు తీసుకోవడం. ఆస్తి బదిలీ చట్టంలోని 116వ సెక్షన్ ప్రకారం, గడువు దాటాక కూడా కౌలుదారు అక్కడే ఉండి, యజమాని కౌలు స్వీకరిస్తే, అందుకు విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, అది ఏ పని కోసమన్నదాన్ని బట్టి ఏడాది నుంచి ఏడాదికో, నెల నుంచి నెలకో కొనసాగినట్టు అవుతుంది. అంటే మరో ఇరవై ఏళ్లు రాసిచ్చినట్టు కాదు గానీ, రేపే వెళ్లిపొమ్మనే వీలు పోయింది. చట్టప్రకారం గడువిచ్చే నోటీసు పంపాలి. ఇకపై డబ్బు పంపితే, గడువు తీరిన తర్వాతి వాడకానికి పరిహారంగా, మా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నామని రాసి, ఆ ప్రతిని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. 2004 నాటి అగ్రిమెంటు రిజిస్టరైందో లేదో కూడా చూడండి. ఏడాది దాటిన కౌలు పత్రం రిజిస్టర్ కావలసిందే, కాకపోతే ఇరవై ఏళ్ల గడువుకు అది ఆధారంగా నిలవదు.

భూమిలో గుంతలు పడి సాగుకు పనికిరాకుండా పోయి ఉంటే ఖాళీ చేయించడం కంటే పరిహారమే మీకు లాభం కావచ్చు. మైనింగు లీజుదారు పై భూమిని అనుభవిస్తున్నవారికి పరిహారం చెల్లించాలని అదే గనుల చట్టంలోని 24ఏ సెక్షన్‌లో ఉంది. కొత్త అగ్రిమెంటు రాయదలిస్తే గడువును ప్రభుత్వ లీజుతో ముడిపెట్టకుండా అయిదేళ్లకు మించనీయకండి, కౌలు పెంపు ఏడాదికి ఎంతో అంకెల్లో రాయించండి. ఇంకొక మాట, ఊరి తరఫున. 2015కు ముందరి లీజుల నుంచి రాయల్టీలో 30 శాతం జిల్లా ఖనిజ నిధికి జమ కావాలి. సున్నపురాయికి 2014లో నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. ఆ లెక్కన టన్నుకు 24 రూపాయలు గని ప్రభావిత గ్రామాలకు ఖర్చు కావాలన్నమాట. మీ ఊరికి ఎంత వచ్చిందో గ్రామసభలో అడగవచ్చు.

ప్రశ్న: మా పట్టా భూమిలో పలుగురాయి తీసుకోవడానికి ఒకాయనకు 2012లో అంగీకార పత్రం ఇచ్చాం. అది పదేళ్లకే. ఇప్పుడు వచ్చి, కొత్త రూలు ప్రకారం తనకు 50 ఏళ్ల లీజు వచ్చిందంటున్నాడు. నిజమేనా?
— జడ్చర్ల

జవాబు: సగం నిజం. పలుగురాయి, ఫెల్స్‌పార్, మైకా, బెరైటీస్ ఈ నాలుగింటినీ 2015లో చిన్న తరహా ఖనిజాల్లో చేర్చారు. 2025 ఫిబ్రవరి 20 నాటి నోటిఫికేషన్‌తో కేంద్రం వాటిని మళ్లీ, పైన చెప్పిన 50 ఏళ్ల సూత్రం వర్తించే పెద్ద ఖనిజాల్లోకి తెచ్చింది. లిథియం వంటి కీలక ఖనిజాలు ఈ రాళ్లతో కలిసి ఉండే అవకాశం ఉండటమే అందుకు కారణం. దాంతో అప్పటికి అమలులో ఉన్న లీజులకు మంజూరైన తేదీ నుంచి 50 ఏళ్ల గడువు వర్తిస్తుంది. ‘అమలులో ఉన్న’ అన్న మాట గట్టిగా పట్టుకోండి. ఆయనకు ప్రభుత్వం నుంచి అసలు లీజు మంజూరైందా, ఆ నాటికి అది బతికే ఉందా, లేక మీ పదేళ్ల కాగితంతోనే ఇన్నాళ్లూ లాక్కొచ్చాడా అన్నది మహబూబ్‌నగర్‌లోని గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెడితే తేలిపోతుంది. లీజు ఉన్నా సరే, 2022లో తీరిపోయిన మీ అంగీకారం దానితో పాటు పెరగదు. ఆ ఆఫీసు నుంచి జవాబు వచ్చేదాకా ఆయన తెచ్చే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, డబ్బు ఇస్తే పైన హుజూర్‌నగర్ రైతుకు చెప్పిన పద్ధతిలోనే రసీదు రాసుకోండి.